రాబర్ట్ బ్రౌన్ - ఒంటి కటకపు సూక్ష్మదర్శిని

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో సూక్ష్మదర్శినిని తొలిసారి తాకిన విద్యార్థికి ఉపాధ్యాయుడు సాధారణంగా ఇచ్చేది రెండింటిలో ఒకటి: ఉల్లిపొర, లేదా రియో ఆకు అడుగున ఉండే ఊదారంగు పొర. ఆ పలుచని పొరను గాజుపలకపై నీటిబొట్టులో పరచి, పైన కవర్ స్లిప్ వాల్చి చూస్తే ఇటుకల గోడవలె పేర్చిన గదులు కనిపిస్తాయి. మరికొంత ఓపిక పట్టినవారికి గదిలో ఒక గుండ్రని మచ్చ కూడ కనబడుతుంది. అది కణకేంద్రకమని ఉపాధ్యాయుడు చెబుతాడు. విద్యార్థి రికార్డు పుస్తకంలో బొమ్మ గీసి, గీత లాగి, పేరు వ్రాసుకొని తరువాతి ప్రయోగానికి వెళ్ళిపోతాడు. ఆ మచ్చకు ఆ పేరు పెట్టినవాడు స్కాట్లండు దేశీయుడైన రాబర్ట్ బ్రౌన్. రియో మొక్కను నేటి వృక్షశాస్త్రజ్ఞులు ట్రేడెస్కాన్షియా ప్రజాతిలో చేర్చారు. ఆ ప్రజాతికే చెందిన ఒక తోటమొక్క పువ్వుపై వంగి బ్రౌన్ గడిపిన గంటలకు లెక్క లేదు.

బ్రౌన్ అనగానే తెలుగువారికి మనసులో మెదిలే మూర్తి వేరు. నిఘంటువును కూర్చి, వేమన పద్యాలను వెలికితెచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో జన్మించినవాడు. ఈ బ్రౌన్ అతనికంటె పాతికేళ్ళు పెద్ద. ఇద్దరికీ బంధుత్వమేమీ లేదు. అయితే చెదలుపట్టిన తాటాకులలో అక్షరాలను వెదకిన ఓపికకూ, ఎండిన పూలలో కణాలను వెదకిన ఓపికకూ మాత్రం పోలిక ఉన్నది.

రాబర్ట్ బ్రౌన్ 1773 డిసెంబరు 21వ తేదీన స్కాట్లండు తూర్పు తీరమందలి మాంట్రోజ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జేమ్స్ బ్రౌన్ మతాచార్యుడు. అప్పుడు రాజ్యమేలుతున్న వంశాన్ని గాక, పదవి కోల్పోయిన స్టూవర్ట్ వంశాన్నే న్యాయమైన వారసులుగా నమ్మి, ఆ నమ్మకం వలన కలిగే నష్టాలను లెక్కచేయని మనిషి. కుమారుడు మాంట్రోజ్ పాఠశాలలోను, అబర్డీన్‌లోను, తరువాత ఎడింబరోలోను చదివాడు. 1791లో తండ్రి మరణించాడు. ఎడింబరోలో వైద్యం చదివినా బ్రౌన్ పట్టా పుచ్చుకొనలేదు. అతని మనసంతా కొండలలో దొరికే మొక్కల మీదనే ఉండేది. పందొమ్మిదవ ఏట తన జిల్లా మొక్కలను గురించి ఎడింబరోలోని ప్రకృతిశాస్త్ర సంఘానికి వ్యాసం సమర్పించాడు.

బ్రతుకుతెరువు కోసం 1794లో ఫైఫ్‌షైర్ సైనికదళంలో శస్త్రవైద్యుని సహాయకుడుగా చేరాడు. 1795లో దళం ఐర్లండుకు తరలింది. అక్కడ సైనికులకు పని తక్కువ, విందులెక్కువ. బ్రౌన్ దినచర్య పుస్తకంలో మాత్రం ఉదయం జర్మన్ వ్యాకరణం వల్లెవేయటం, పగలు రోగులను చూడటం, మిగిలిన వేళల్లో నాచుమొక్కలను, గడ్డిజాతులను పరిశీలించి వర్ణనలు వ్రాసుకొనటం కనిపిస్తాయి. ఆ జర్మన్ అభ్యాసం ఊరికే పోలేదు. ఇంగ్లండులో ఇతరులు చదువని జర్మన్ గ్రంథాలను చదివి, వాటిలోని మేలు ఇతరులకు చెప్పగల స్థితి దాని వలననే అతనికి అబ్బింది.

1798లో సైనికులను చేర్చుకొనే పనిమీద లండన్ వెళ్ళినప్పుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్ గ్రంథాలయపు తలుపులు అతనికి తెరుచుకొన్నాయి. కెప్టెన్ కుక్‌తో ప్రపంచాన్ని చుట్టివచ్చిన బ్యాంక్స్ అప్పుడు రాయల్ సొసైటీకి అధ్యక్షుడు. సోహో స్క్వేర్‌లోని ఆయన ఇల్లు ఐరోపా వృక్షశాస్త్రజ్ఞులందరికీ సత్రం వంటిది. 1800 డిసెంబరులో బ్యాంక్స్ నుండి బ్రౌన్‌కు ఉత్తరం వచ్చింది. మాథ్యూ ఫ్లిండర్స్ నాయకత్వాన ఇన్వెస్టిగేటర్ అనే ఓడ ఆస్ట్రేలియా తీరాన్ని సర్వే చేయటానికి బయలుదేరుతున్నదనీ, ప్రకృతిశాస్త్రజ్ఞుని ఉద్యోగం ఖాళీగా ఉన్నదనీ, ఏడాదికి 420 పౌన్ల జీతమనీ అందలి సారాంశం. బ్రౌన్ ఆలస్యం చేయలేదు.

1801 జూలైలో ఓడ బయలుదేరింది. ఆ ఓడలోనే ఫెర్డినాండ్ బావర్ అనే ఆస్ట్రియా దేశపు చిత్రకారుడు, పీటర్ గుడ్ అనే తోటమాలి కూడ ఉన్నారు. డిసెంబరులో ఆస్ట్రేలియా నైరుతి మూలనున్న కింగ్ జార్జ్ సౌండ్‌లో లంగరు వేసినప్పుడు మూడు వారాలలో బ్రౌన్ సుమారు 500 జాతుల మొక్కలు సేకరించాడు. ఆ తరువాత ఖండం చుట్టూ ప్రయాణం. 1803 నాటికి ఓడ చెక్కలు కుళ్ళి సముద్రయానానికి పనికిరాకపోయింది. పీటర్ గుడ్ సిడ్నీలో వ్యాధితో మరణించాడు. బ్రౌన్ సేకరించిన ఎండుమొక్కలలో కొంత భాగాన్నీ, సజీవ మొక్కలనూ తీసుకొని ఫ్లిండర్స్ పార్పస్ అనే మరొక ఓడలో స్వదేశానికి బయలుదేరగా, 1803 ఆగస్టులో ఆ ఓడ పగడపు దిబ్బకు తగిలి పగిలిపోయింది. మొక్కలు సముద్రం పాలైనాయి. ప్రాణాలతో బయటపడిన ఫ్లిండర్స్ తరువాత మారిషస్‌లో ఫ్రెంచివారి చేత చిక్కి 1810 వరకు బందీగా ఉండిపోయాడు. బ్రౌన్ టాస్మానియా మొదలైన చోట్ల మరికొంత సేకరించుకొని, మరమ్మతు చేసిన ఆ పాత ఇన్వెస్టిగేటర్‌లోనే 1805 అక్టోబరులో లివర్‌పూల్ చేరాడు. వెంట తెచ్చినవి దాదాపు 4,000 జాతులు. వాటిలో సగం దాకా శాస్త్రానికి అంతకుముందు తెలియనివే.

ఆ ఎండుమొక్కలను విప్పి వర్గీకరించటానికే అయిదేళ్ళు పట్టింది. అప్పుడు ఇంగ్లండులో లిన్నేయస్ పద్ధతి రాజ్యమేలుతున్నది. కేసరాలు ఎన్ని, కీలాలు ఎన్ని అని లెక్కపెట్టి గూళ్ళలో పెట్టే పద్ధతి అది. అందులో ఎదుటివాడికి పేరు దొరుకుతుందే గాని మొక్కకూ మొక్కకూ ఉన్న చుట్టరికం తెలియదు. పువ్వులోని భాగాలన్నిటినీ, వాటి అమరికనూ, అండం లోపలి నిర్మాణాన్నీ కలిపి చూచి కుటుంబాలను నిర్ణయించాలన్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుల పద్ధతిని బ్రౌన్ స్వీకరించాడు. ఈ పద్ధతికి కంటిచూపు చాలదు. విత్తనమంతైనా లేని అండాన్ని చీల్చి లోపల చూడాలి. బ్రౌన్ చేతికి సూక్ష్మదర్శిని నిత్యపరికరమైనది ఈ అవసరం వలననే.

1810లో ఆస్ట్రేలియా మొక్కలపై ఆయన గ్రంథం లాటిన్ భాషలో వెలువడింది. సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించగా అమ్ముడుపోయినవి పాతిక వరకే. నేడు వృక్షశాస్త్ర చరిత్రలో మహాగ్రంథంగా ఎంచబడే పుస్తకానికి అంగడిలో పట్టిన గతి అది. రెండవ సంపుటం రానేలేదు.

అంతకు ముందే మరొక దెబ్బ తగిలింది. 1809 మొదటి నెలల్లో ప్రోటియేసీ అనే కుటుంబాన్ని గురించి బ్రౌన్ తన వ్యాసాన్ని లిన్నేయన్ సొసైటీ సమావేశాలలో చదివాడు. సభలో కూర్చున్న రిచర్డ్ సాలిస్‌బరీ అనే శాస్త్రజ్ఞుడు విన్నదంతా మనసున పెట్టుకొని, బ్రౌన్ వ్యాసం అచ్చు కాకమునుపే, జోసెఫ్ నైట్ అనే తోటమాలి పేరుతో వెలువడిన పుస్తకంలో ఆ మొక్కలకు పేర్లు ప్రకటించాడు. లండన్ శాస్త్రలోకం సాలిస్‌బరీని వెలివేసినంత పని చేసింది. అయినా పోయిన ఘనత తిరిగి రాదు. బ్రౌన్ తరువాతి జీవితంలో కనిపించే గోప్యతకు ఇదొక కారణం అనుకొనటం అన్యాయం కాదు. ఆ కుటుంబానికి చెందిన వృక్షం మనకు కొత్తది కాదు. కర్ణాటకలోని కాఫీతోటలలో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ అదే. దాని శాస్త్రీయనామం గ్రెవిలియా రోబస్టా. దాని తొలి వర్ణనను 1830లో అచ్చుకెక్కించినవాడు బ్రౌన్.

1810లోనే బ్యాంక్స్ గ్రంథాలయాధికారి డ్రియాండర్ మరణించగా ఆ స్థానంలో బ్రౌన్ చేరాడు. తూర్పు గోదావరి ప్రాంతపు సామర్లకోటలో ఉండి అక్కడి మొక్కలను చిత్రకారులచేత వేయించిన విలియం రాక్స్‌బర్గ్ గ్రంథం, కోరమాండల్ తీరపు మొక్కలను గురించినది, 1795 నుండి విడతలు విడతలుగా వెలువడినది బ్యాంక్స్ పర్యవేక్షణలోనే. ఆ విధంగా మన తీరపు మొక్కలు సోహో స్క్వేర్ ఇంట బ్రౌన్ కంటె ముందే అడుగుపెట్టాయి. 1820లో బ్యాంక్స్ మరణిస్తూ ఏడాదికి 200 పౌన్ల భృతిని, తన గ్రంథాలయాన్నీ, ఎండుమొక్కల భాండారాన్నీ జీవితాంతం అనుభవించే హక్కును బ్రౌన్‌కు వ్రాశాడు. ఇంకొకరైతే వాటిని తలుపులు మూసి కాపాడుకొనేవారు. బ్రౌన్ 1827లో వాటిని బ్రిటిష్ మ్యూజియంకు అప్పగించి, ప్రత్యేక విభాగంగా నడపాలనీ, పరిశీలకులకు అందుబాటులో ఉంచాలనీ ఏర్పాటు చేసుకొని, తానే దానికి పాలకుడుగా మరణించేవరకు పనిచేశాడు. బ్రిటన్‌లో ప్రజలందరికీ చెందిన తొలి వృక్షభాండారం అలా ఏర్పడింది.

ఇక ఆ పరికరం సంగతి. నేటి పాఠశాలల్లో ఉండేది సంయుక్త సూక్ష్మదర్శిని. వస్తువు దగ్గర ఒక కటకం, కంటి దగ్గర మరొకటి, మధ్య గొట్టం. బ్రౌన్ వాడినది సరళ సూక్ష్మదర్శిని. ఇత్తడి స్తంభం, దానికొక చిన్న పీఠం, కాంతిని పైకి మళ్ళించే అద్దం, పైన ఒకే ఒక కటకం. గొట్టం లేదు. పెట్టె మూత మీదనే మరతో బిగించుకొని, పని ముగిసిన తరువాత విప్పి ఆ పెట్టెలోనే సర్దుకొనవచ్చు. రెండు కటకాలకంటె ఒకటి ఎట్లా మేలని సందేహం రావచ్చు. ఆ కాలపు కటకాలలో ఒక దోషం ఉండేది. తెల్లని కాంతి వాటిగుండా పోయినప్పుడు రంగులుగా విడిపోయి, చూచే వస్తువు అంచులకు ఇంద్రధనుస్సు వంటి మసక పట్టేది. కటకాలు రెండైతే మసక కూడ హెచ్చేది. ఆ దోషం లేని సంయుక్త సూక్ష్మదర్శినులు 1830 ప్రాంతం నుండి గాని క్రమంగా అందుబాటులోకి రాలేదు. అందువలన చక్కగా నూరిన ఒంటి కటకమే నమ్మదగినది. అయితే దానితో పనిచేయటం కష్టం. బ్రౌన్ 1827లో వాడిన కటకపు నాభ్యంతరం అంగుళంలో 32వ వంతు. అనగా మిల్లీమీటరుకు కూడ తక్కువ. లెక్క ప్రకారం 320 రెట్లు పెద్దదిగా చూపుతుంది గాని, కటకం ఆవగింజంత ఉంటుంది; దానిని వస్తువుకు దాదాపు ఆనించాలి; కన్ను కటకానికి దాదాపు ఆనించాలి; ఊపిరి బిగబట్టాలి.

అటువంటి కటకం క్రింద ఒక తోట పువ్వు రేకును పెట్టి చూస్తే ఏమి కనిపిస్తుంది? గులాబి రేకు చేతికి మఖమలువలె మెత్తగా తగలటానికి కారణం ముందు కనిపిస్తుంది. రేకు పైపొరలోని ప్రతి కణం చదునుగా గాక, చిన్న శంకువువలె పైకి ఉబ్బి ఉంటుంది. ఆ శంకువుల మీద పడిన వెలుతురు లోపలికి మళ్ళి, రంగుకు ఆ నిండుదనం వస్తుంది. రంగు రేకంతటా పూసినట్లుండదు. ఏ కణానికి ఆ కణంలో, రసంలో కరిగి, దొన్నెలో పానకంవలె నిలిచి ఉంటుంది. బ్రౌన్‌కు ఇష్టమైన ట్రేడెస్కాన్షియా పువ్వుకు మూడే రేకులు, ఊదారంగువి. ఉదయం విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకొనిపోతాయి. ఆ రేకుల నడుమ కేసరాల కాడలకు సన్నని నూగు ఉంటుంది. నూగులోని ఒక్కొక్క వెంట్రుక ఒకదానికొకటి గుచ్చిన పూసల వంటి కణాల వరుస. పూస పారదర్శకం. దాని లోపల సన్నని దారాల వంటి ప్రవాహాలు, వాటిలో కొట్టుకొనిపోయే రేణువులు, గోడవెంట వెళ్ళి మలుపు తిరిగి వచ్చే కదలిక. చూపు నిలిపినవారికి జీవం పనిచేస్తున్న తీరు కంటి ఎదుట కనిపిస్తుంది.

1827 జూన్‌లో బ్రౌన్ పరిశీలిస్తున్నది వేరొక తోటపువ్వు. పేరు క్లార్కియా పుల్చెల్లా. ఉత్తర అమెరికా నుండి అప్పుడప్పుడే ఇంగ్లండు తోటలకు వచ్చిన గులాబిరంగు పువ్వు. పుప్పొడి అండంపై ఎట్లా పనిచేస్తుందో తెలుసుకొనటం ఆయన ఉద్దేశం. పక్వమైన పుప్పొడి రేణువు నీటిలో పగిలినప్పుడు లోపలినుండి అతిసూక్ష్మమైన కణికలు బయటపడినాయి. అవి నిలకడగా ఉండలేదు. ప్రవాహం లేదు, నీరు ఆవిరైపోవటం వలన కలిగిన కదలిక కాదు, కణిక తనంతట తానే కదులుతున్నట్లుగా ఉన్నది. ఒక్క సవరణ ఇక్కడ అవసరం. పుప్పొడి రేణువులే నాట్యమాడినట్లు చాల పాఠ్యపుస్తకాలు వ్రాస్తాయి. అది పొరపాటు. క్లార్కియా రేణువు రమారమి మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది, అంతటిది అలా కదలదు. కదిలినవి రేణువు లోపలి పిండిపదార్థపు, నూనె కణికలు.

ఇక్కడనే బ్రౌన్ వ్యక్తిత్వం బయటపడుతుంది. పురుషబీజంలోని జీవశక్తి కంటికి కనబడిందని ఆయనకూ తోచింది. ఆ మాట ఆనాడే ప్రకటించి ఉంటే ఐరోపా అంతా పొగిడేది. ఆయన అట్లా చేయక, తనకు తోచినదాన్ని తానే పడగొట్టటానికి పూనుకొన్నాడు. జీవశక్తే అయితే చచ్చిన మొక్కలో ఉండకూడదు గదా అని పదకొండు నెలలు ఆల్కహాలులో నానిన పుప్పొడిని చూశాడు. కదలిక ఉన్నది. ఇరవై ఏళ్ళనాటి ఎండుమొక్కలను, నూరేళ్ళకు తక్కువ కానివాటిని తీసి చూశాడు. ఉన్నది. పుప్పొడి వదిలి ఆకునూ కాడనూ నలిపి చూశాడు. ఉన్నది. మొక్కల జిగురు, బొగ్గు, లండన్ నగరంలో ప్రతి వస్తువు మీద పేరుకొనే మసి. తరువాత రాయిగా మారిన కొయ్య. తరువాత కిటికీ గాజుముక్క. తరువాత రకరకాల రాళ్ళు, లోహాలు. ఈజిప్టులోని స్ఫింక్స్ విగ్రహపు రాతి తునకను కూడ నూరి నీటిలో కలిపి చూశాడు. తగినంత సన్నగా నూరిన ప్రతి పదార్థపు పొడీ కదిలింది. జీవశక్తి అన్న మాట అంతటితో పోయింది.

1828లో ఆ పరిశీలనలను చిన్న పుస్తకంగా అచ్చు వేయించి మిత్రులకు పంచాడు. కదలికకు కారణం చెప్పలేదు, ఊహ కూడ అల్లలేదు. అయినా ఆయన రాళ్ళకు ప్రాణమున్నదన్నాడని కొందరు అపార్థం చేసుకొన్నారు. 1829లో మరికొన్ని పుటలు వ్రాసి తాను వాటిని సజీవములని అనలేదని స్పష్టం చేశాడు. అప్పుడే మరొక చక్కని ప్రయోగం వివరించాడు. నీరు ఆవిరై కదలిక కలిగిస్తున్నదేమోనన్న శంక తీర్చటానికి, కణికలు కలిసిన నీటిని బాదంనూనెలో చిలికి, నూనెలో చిక్కుకొన్న అతిచిన్న నీటిబిందువులను చూశాడు. కొన్ని బిందువులలో కణిక ఒక్కటే. తాకేందుకు తోడు కణిక లేదు, ఆవిరయ్యేందుకు దారి లేదు. అది అట్లాగే కదులుతూనే ఉన్నది.

కారణం తెలియటానికి దాదాపు 80 ఏళ్ళు పట్టింది. నీటి అణువులు అన్ని వైపులనుండి ఎడతెగక ఢీకొనటమే ఆ కదలికకు మూలమని 1905లో ఐన్‌స్టీన్ గణితంతో నిరూపించాడు. ఫ్రాన్సు దేశపు జాన్ పెర్రాన్ ఆ లెక్కలను ప్రయోగాలతో సరిచూచి, అణువులు నిజమేనా అన్న వాదానికి ముగింపు పలికాడు. 1926లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. నేడు ఆ కదలికకు బ్రౌనియన్ చలనమని పేరు. ఒంటి కటకంతో అంతటి సూక్ష్మమైన కదలిక అసలు కనిపించదని 1991లో ఒక వాదం బయలుదేరింది. బ్రయన్ ఫోర్డ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బ్రౌన్ వాడిన సరళ సూక్ష్మదర్శినినే తీసి, క్లార్కియా పుప్పొడినే పెట్టి చూడగా కణికలు కదులుతూ స్పష్టంగా కనిపించాయి.

1831 నవంబరులో బ్రౌన్ లిన్నేయన్ సొసైటీలో ఆర్కిడ్ పువ్వులు, జిల్లేడు కుటుంబపు పువ్వులు ఎట్లా ఫలదీకరణం చెందుతాయో వివరించే వ్యాసం చదివాడు. జిల్లేడు మనకు రథసప్తమి నాడు తలకెక్కే ఆకు, వినాయకునికి దండ కట్టే పువ్వు. దాని ప్రజాతికి కలోట్రోపిస్ అని పేరు పెట్టినవాడు బ్రౌనే, 1810లో. జిల్లేడు పువ్వులో పుప్పొడి పొడిగా రాలదు. మైనపు ముద్దలుగా, రెండేసి ముద్దలు ఒక కొక్కానికి వ్రేలాడుతూ ఉంటాయి. తేనెకు వచ్చిన కీటకం కాలికి కొక్కెం తగులుకొని ముద్దలు ఊడివస్తాయి. ఆ ముద్దలనుండి సన్నని నాళాలు మొలిచి లోపలికి ప్రయాణించటాన్ని బ్రౌన్ కటకం క్రింద వెంబడించి చూశాడు.

ఆ వ్యాసం మధ్యలో, అసలు విషయానికి ప్రక్కదారిగా, ఆర్కిడ్ల పైపొరలో ప్రతి కణంలోను ఒక గుండ్రని మచ్చ ఉన్నదనీ, దానిని కేంద్రకమనవచ్చుననీ, అది పైపొరకే పరిమితం కాదనీ, ట్రేడెస్కాన్షియా కేసరపు వెంట్రుకలలోను ఉన్నదనీ చెప్పాడు. తనకు ముందే ఆ మచ్చను ఇతరులు చూశారనీ, ఫెర్డినాండ్ సోదరుడైన ఫ్రాన్సిస్ బావర్ బొమ్మలలో అది ఉన్నదనీ ఒప్పుకొన్నాడు. చూచినవారు చాలమంది. ప్రతి కణంలోను ఉన్నదేమో వెదకి, దానికి పేరు పెట్టినవాడు ఒక్కడు. తరువాత జర్మనీలో ష్లైడెన్ కణ సిద్ధాంతానికి దీనినే ఆధారం చేసుకొన్నాడు. జీవశాస్త్రాన్ని మలుపు తిప్పిన ఈ సంగతి ఇంకేదో వ్యాసంలో నాలుగు వాక్యాల అడుగున ఉండటం విచిత్రమే. బ్రౌన్ రచనలన్నీ ఇంచుమించు అంతే. ఒక ఓడ కెప్టెన్ యాత్రాగ్రంథానికి అనుబంధంలోనో, ఒక మొక్క వర్ణనకు వివరణలోనో మహావిషయాలు దాగి ఉంటాయి. దేవదారు, సైకస్ జాతులలో విత్తనం కాయలో మూసుకొని ఉండక నగ్నంగా ఉంటుందన్న సత్యం కూడ కింగియా అనే ఆస్ట్రేలియా మొక్కను గురించిన వ్యాసానికి తోకగా వచ్చింది.

సరిగా ఆ 1831లోనే ఇరవై రెండేళ్ళ యువకుడొకడు బీగిల్ ఓడలో బయలుదేరబోతూ బ్రౌన్‌ను చూడవచ్చాడు. అతడు చార్లెస్ డార్విన్. బ్రౌన్ అతనిని సూక్ష్మదర్శినిలో చూడమని, కనిపించినది వర్ణించమని అడిగాడు. డార్విన్ చూచి వర్ణించాడు. తాను చూచినది ఏమిటని అడిగితే, అది తన చిన్న రహస్యమని చెప్పి బ్రౌన్ ఊరుకొన్నాడట. మొక్క కణంలోని జీవద్రవ ప్రవాహాలే అప్పుడు తాను చూచినవని వృద్ధాప్యంలో డార్విన్ తన జీవితకథలో వ్రాసుకొన్నాడు. బ్రౌన్‌కు అపారమైన జ్ఞానముండేదనీ, తప్పు చేస్తానేమోనన్న మితిమీరిన భయం వలన అందులో చాలభాగం ఆయనతోనే పోయిందనీ డార్విన్ అభిప్రాయం. ఇది కఠినమైన తీర్పే గాని కొట్టివేయదగినది కాదు. కదిలే కణికను చూచి తొందరపడకుండ కాపాడిన జాగ్రత్తయే, తెలిసినది చెప్పనీయకుండ నోరు కట్టింది. ఒకటి కావాలని, మరొకటి వద్దని విడదీయటం సాధ్యమయ్యే పని కాదు. అట్లాగని ఆయన ఎవరికీ ఏమీ ఇవ్వలేదనటం సరికాదు. పువ్వులకూ కీటకాలకూ గల సంబంధంపై స్ప్రెంగెల్ అనే జర్మన్ పండితుడు వ్రాయగా లోకం మరచిన గ్రంథాన్ని 1841లో డార్విన్‌చేత చదివించినవాడు బ్రౌనే. ఆ చదువు డార్విన్ ఆర్కిడ్ పరిశోధనలకు దారి తీసింది.

ఘనత ఆయనను వెదుక్కుంటూ వచ్చింది. 1839లో రాయల్ సొసైటీ కోప్లీ పతకమిచ్చింది. 1849 నుండి 1853 వరకు లిన్నేయన్ సొసైటీకి అధ్యక్షుడుగా ఉన్నాడు. సుమత్రా అడవులలో దొరికిన, మీటరు వెడల్పు వరకు పెరిగే రఫ్లీసియా పువ్వును శాస్త్రలోకానికి వర్ణించినవాడూ ఆయనే. లోకంలోని పువ్వులలో కెల్లా పెద్దది ఒక చేత, కటకానికి అందీ అందని కణిక మరొక చేత. ఆయన పెండ్లి చేసుకొనలేదు. సభలలో ఎక్కువగా మాట్లాడేవాడు కాదు. మిత్రుల మధ్య మాత్రం హాస్యప్రియుడు. ముసలితనంలో, ఒళ్ళు సహకరించని రోజులలో కూడ, తాను పోషిస్తున్న ఒక వృద్ధ సేవకుని ఇంటికి ప్రతిదినం దూరం నడిచివెళ్ళి అతనికి పుస్తకం చదివి వినిపించి వచ్చేవాడు. ఈ సంగతి కూడ డార్విన్ వ్రాసినదే.

1858 జూన్ 10వ తేదీన, ఎనభై నాలుగేళ్ళ వయసులో, సోహోలోని ఆ బ్యాంక్స్ ఇంటనే బ్రౌన్ కన్నుమూశాడు. లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి చేశారు. మాజీ అధ్యక్షుని మరణం వలన జూన్ 17న జరుగవలసిన లిన్నేయన్ సొసైటీ సమావేశం వాయిదాపడింది. కార్యవర్గంలో ఆయన స్థానాన్ని నింపవలసి ఉండటంతో జూలై 1న ప్రత్యేకంగా సమావేశం ఏర్పాటు చేశారు. ఆ మధ్యకాలంలోనే మలయా దీవులనుండి ఆల్ఫ్రెడ్ వాలెస్ పంపిన వ్యాసం డార్విన్‌కు చేరింది. జూలై 1 సాయంకాలం బ్రౌన్ స్థానానికి ఎన్నిక జరిగిన ఆ సభలోనే, ప్రకృతివరణ సిద్ధాంతాన్ని తొలిసారి లోకానికి వెల్లడించిన డార్విన్, వాలెస్‌ల వ్యాసాలు చదివారు. వాలెస్ దీవులలో ఉన్నాడు. మూడు రోజుల క్రితం పసికుమారుని పోగొట్టుకొన్న డార్విన్ ఇంటివద్దనే ఉండిపోయాడు.